చిన్న కాలిబర్ స్నబ్‌నోస్ రివాల్వర్: .22 తీసుకోవాలా, .32 తీసుకోవాలా, కొన్నాక ఏం మార్పించుకోవాలి

దుస్తుల చాటున పెట్టుకుని తిరగడానికి చిన్న రివాల్వర్ ఏది మంచిదని ఎవరిని అడిగినా దాదాపు ఒకటే చెబుతారు. తేలికపాటి .38 స్పెషల్, అయిదు రౌండ్లు, రెండంగుళాల లోపు బ్యారెల్, అంటే స్నబ్‌నోస్. (.38, .32, .22 అనేవి కాలిబర్లు, అంటే బుల్లెట్ లావును రమారమి అంగుళాల్లో చెప్పే అంకెలు.) స్మిత్ అండ్ వెస్సన్ 642 లాంటిది. అది చెడ్డ సలహా కాదు. కానీ దాని బరువు 410 గ్రాములకు అటూ ఇటూ. అంత తేలికైన తుపాకీలోంచి గట్టి తూటా పేల్చితే ఆ దెబ్బంతా బొటనవేలి మొదట్లో తగులుతుంది. మొదటి అయిదు ఎవరైనా ఓర్చుకుంటారు. మూడోసారి సిలిండర్ నింపేసరికి చెయ్యి ముందే బిగుసుకుంటుంది, పేలకముందే కళ్ళు మూసుకుపోతాయి. అలా కొన్నవాళ్ళు నెమ్మదిగా సాధన మానేస్తారు, తుపాకీ మాత్రం జేబులో ఉంటూనే ఉంటుంది. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే.

నా కుడి బొటనవేలి కీలులో నొప్పి మొదలయ్యాక నేను చిన్న కాలిబర్ల వైపు వచ్చాను. అప్పటిదాకా అవి సరదాకి కాల్చుకునేవని అనుకునేవాణ్ణి. రెండేళ్ళుగా వాటితోనే సాధన చేస్తున్నాను కాబట్టి, ఈ దారిలో రావాలనుకునేవాళ్ళకి నాకు తెలిసింది చెబుతాను. లైసెన్సు, దాచి తీసుకెళ్ళే అనుమతి, ఎక్కడికి తీసుకెళ్ళకూడదు అనే నియమాలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. ఆ పని పూర్తయ్యాకే మిగతావన్నీ.

ముందు మీ చెయ్యి ఏమంటోందో వినండి

"చేతిలో బలం లేదు, కాబట్టి .22 తీసుకో" అని చాలామంది చెబుతారు. ఇందులో ఒక పెద్ద పొరపాటు ఉంది. చేతికి రెండు రకాల కష్టాలు ఉంటాయి. పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ ఒకటి, ట్రిగ్గర్ లాగడానికి వేలికి కావలసిన బలం రెండోది. .22 మొదటి కష్టాన్ని దాదాపు పూర్తిగా తీసేస్తుంది. రెండోదాన్ని చాలాసార్లు ఇంకా పెంచుతుంది.

ఎందుకో చెప్పాలంటే తూటా అడుగు భాగం చూడాలి. .38, .32 తూటాలకి అడుగున మధ్యలో చిన్న ప్రైమర్ (తూటాను అంటించే మందు) గిన్నె విడిగా ఉంటుంది. పిన్ను దాని మీద కొడితే చాలు. .22 తూటాకి విడిగా ప్రైమర్ ఉండదు. పేలే మందును లోపల పోసి గిరగిరా తిప్పితే అది అంచు చుట్టూ ఉన్న బోలు మడతలోకి చేరుతుంది. ఆ అంచును పిన్ను నలగ్గొట్టాలి. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు, మధ్యలో ప్రైమర్ ఉన్నదాన్ని సెంటర్‌ఫైర్ అంటారు. దానికి హ్యామర్, అంటే పిన్నును కొట్టే సుత్తి, గట్టిగా పడాలి, హ్యామర్ గట్టిగా పడాలంటే స్ప్రింగు గట్టిదై ఉండాలి, స్ప్రింగు గట్టిదైతే ట్రిగ్గర్ బరువెక్కుతుంది. అందుకే ఒకే మోడల్‌లో .38 కన్నా .22 ట్రిగ్గర్ బరువుగా ఉండటం మామూలే.

స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ళ చిన్న జె-ఫ్రేమ్ రివాల్వర్ల డబుల్ యాక్షన్ ట్రిగ్గర్, అంటే ఒక్క లాగుడుతోనే హ్యామర్‌ను ఎత్తి వదిలేది, మామూలుగా 12 పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది. తుపాకీ బరువేమో ఒక పౌండు కూడా ఉండదు. తన బరువుకి పన్నెండింతల బలంతో లాగుతుంటే ఆ చిన్న వస్తువు కదలకుండా ఎలా ఉంటుంది? గురి చెదరడానికి అసలు కారణం పొట్టి బ్యారెల్ కాదు, ఈ లాగుడే.

కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఖాళీ తుపాకీ, సిలిండర్ తెరిచి రెండుసార్లు కళ్ళతో చూసి, ఒకసారి వేలితో తడిమి, తూటాలు లేవని రూఢి చేసుకున్నది. సురక్షితమైన దిక్కుకి, గట్టి గోడ వైపుకి పట్టుకోండి. రిమ్‌ఫైర్ అయితే సిలిండర్‌లోని ఖాళీ గదుల మీద పిన్ను కొట్టకుండా స్నాప్ క్యాప్‌లు, అంటే డమ్మీ తూటాలు పెట్టండి. పక్కవాళ్ళని బ్యారెల్ పైన, ముందు సైట్‌కి (గురి చూసే దిమ్మకి) వెనకగా ఒక నాణెం పెట్టమనండి. నెమ్మదిగా పదిసార్లు ట్రిగ్గర్ లాగండి. నేను మొదటిసారి చేసినప్పుడు నాలుగు వరకు నాణెం కదల్లేదు. అయిదోసారి వేలు వణికి, తుపాకీ ఎడమకి వాలింది, నాణెం జారింది. ఏడో లాగుడుకి వేలు ట్రిగ్గర్ మధ్యలోనే ఆగిపోయింది. నాకు ఏ తుపాకీ నప్పదో ఆ పది లాగుళ్ళలోనే తెలిసిపోయింది. మీకు పదీ సాఫీగా వస్తే .22 గురించి నిశ్చింతగా ఆలోచించవచ్చు. వేలు మొరాయిస్తే .32 వైపు రండి.

.22 లాంగ్ రైఫిల్

1887 నుంచీ ఉన్న తూటా ఇది. దీని గొప్పతనమంతా సాధనలో ఉంది. మిగతావాటికన్నా చవక, శబ్దం తక్కువ, తన్నడం దాదాపు లేదు. ఒక్క మధ్యాహ్నంలో రెండు వందల రౌండ్లు కాల్చినా చెయ్యి నొప్పెట్టదు. మోడళ్ళలో స్మిత్ అండ్ వెస్సన్ 43సి ఎనిమిది రౌండ్లది. ఫ్రేమ్, సిలిండర్ రెండూ అల్యూమినియమే కావడంతో 330 గ్రాముల దగ్గర ఉంటుంది, జేబులో ఉన్నట్టే తెలియదు. రూగర్ ఎల్‌సీఆర్ .22 కూడా ఎనిమిదే, బరువు సుమారు 420 గ్రాములు. టారస్ 942 కూడా ఎనిమిది రౌండ్లదే.

లోపం గురించి దాచకుండా చెప్పాలి. రిమ్‌ఫైర్ తూటాలు సెంటర్‌ఫైర్ తూటాల కన్నా ఎక్కువసార్లు పేలకుండా మొండికేస్తాయి. అంచులో మందు సరిగా చేరని చోట పిన్ను పడితే అంతే. రివాల్వర్ కాబట్టి మళ్ళీ ట్రిగ్గర్ లాగితే తర్వాతి తూటా వస్తుంది, అది పెద్ద ఊరట. ఇక బుల్లెట్, అంటే తూటాలోంచి దూసుకెళ్ళే ముక్క, 40 గ్రెయిన్లది (సుమారు రెండున్నర గ్రాములు), చాలా చిన్నది. పొట్టి బ్యారెల్ నుంచి వచ్చే వేగానికి ముక్కులో గుంట ఉన్న హాలో పాయింట్లు చాలావరకు విచ్చుకోవు, విచ్చుకున్నవి లోతుకి వెళ్ళవు. అమెరికా ఎఫ్‌బీఐ వాళ్ళు, కండరాన్ని పోలిన జెల్‌లోకి కాల్చే పరీక్షలో, 12 నుంచి 18 అంగుళాల లోతును ప్రమాణంగా పెట్టుకున్నారు. ఆ దరిదాపులకైనా వెళ్ళాలంటే .22లో గట్టి సాలిడ్ బుల్లెట్టే నయం. ఫెడరల్ పంచ్ అనే 29 గ్రెయిన్ల తూటాను ఈ లోతును దృష్టిలో పెట్టుకునే చేశారు. ఏది తీసుకున్నా మీ తుపాకీలో తడబడకుండా పేలేదే మీ తూటా. మూడు నాలుగు రకాలు తెచ్చి కాల్చి చూడండి.

.22 మాగ్నమ్ గురించి కొంచెమే చెబుతాను

పేరు చూసి చాలామంది ఆశపడతారు. ఇది 1959లో వచ్చింది, రైఫిల్ బ్యారెల్‌లో మంచి తూటా. రెండంగుళాల బ్యారెల్‌లో దాని మందు చాలావరకు బయటికొచ్చాకే కాలుతుంది. ఎదురుగా పెద్ద మంట, చెవులు గింగురుమనే శబ్దం, వేగం మాత్రం కొంచెమే ఎక్కువ. ట్రిగ్గర్ కష్టం .22 లాంగ్ రైఫిల్‌కి ఉన్నట్టే. స్మిత్ అండ్ వెస్సన్ 351సిలో ఏడు రౌండ్లు, ఎల్‌సీఆర్‌లో ఆరు. పొట్టి బ్యారెళ్ళ కోసమే చేసిన స్పీర్ గోల్డ్ డాట్ 40 గ్రెయిన్ల తూటా దొరికితే ఇది పనికొస్తుంది. సాధన ఖర్చు పెరుగుతుంది, సుఖం తగ్గుతుంది. నేనైతే కొననని చెబుతాను.

.32 మీద నా మొగ్గు

చాలాకాలం అందరూ మరిచిపోయిన కాలిబర్ ఇది. .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్ 1984లో వచ్చింది, కొన్నాళ్ళు బాగానే నడిచింది, తర్వాత తుపాకీలు చేసేవాళ్ళే తగ్గిపోయారు. 2024 మొదట్లో స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ళు లిప్సీస్ అనే పంపిణీదారుతో కలిసి 432 యూసీ, 632 యూసీ మోడళ్ళు తెచ్చాక మళ్ళీ జనం దీని వైపు చూస్తున్నారు. నాకు దీంట్లో నచ్చినవి మూడు. అయిదు .38లు పట్టే సిలిండర్‌లో ఇవి ఆరు పడతాయి. ఇది సెంటర్‌ఫైర్, అంటే ప్రైమర్ నమ్మకమైనది, ట్రిగ్గర్‌ను తేలిక చేసుకునే వీలు ఉంటుంది. తన్నడం .38 గట్టి తూటాలో సగమే అనిపిస్తుంది నా చేతికి.

ఇంకో సౌకర్యం ఉంది. .32 హెచ్ అండ్ ఆర్ తుపాకీలో పాతకాలపు .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ తూటా కూడా పేలుతుంది. దాంట్లో వచ్చే వాడ్‌కట్టర్, అంటే ముక్కు చదునుగా ఉండే 100 గ్రెయిన్ల దగ్గరి బుల్లెట్, చాలా మెత్తగా పేలుతుంది. కాగితం మీద పంచింగ్ మెషీన్‌తో పొడిచినట్టు గుండ్రటి చిల్లు పడుతుంది. రేంజ్‌లో పక్క బల్ల దగ్గర కాలుస్తున్న ఒక పెద్దావిడ, బాబూ ఒకసారి చూడనా అని అడిగి ఆరూ కాల్చారు. ఆరూ నా అరచెయ్యంత చోటులో పడ్డాయి. తుపాకీ నా చేతిలో పెట్టి, "ఇన్నాళ్ళూ నాకు గురి రాదనుకున్నాను, నొప్పికి భయపడ్డానన్నమాట" అన్నారు.

.327 ఫెడరల్ మాగ్నమ్ దీనికి పెద్దన్న. రూగర్ ఎల్‌సీఆర్‌లో ఆరు రౌండ్లది ఉంది, 480 గ్రాముల దగ్గర. ఆ గదుల్లో .327, .32 హెచ్ అండ్ ఆర్, .32 లాంగ్ అన్నీ వెళతాయి. తిరగేస్తే కుదరదు, .32 హెచ్ అండ్ ఆర్ తుపాకీలో .327 పెట్టకూడదు. అంత తేలికైన దాంట్లో అసలు .327 కాల్చితే .38ని తప్పించుకుని వచ్చి మళ్ళీ అక్కడికే చేరినట్టు అవుతుంది. కొని, .32 హెచ్ అండ్ ఆర్ తూటాలతో వాడుకోవడమే దానికి తగిన పద్ధతి. పొట్టి తూటాలు ఎక్కువ కాల్చితే గదిలో మసి వలయంలా పేరుకుని, పొడవు తూటా సగంలో ఆగిపోతుంది. బ్రష్‌తో గీకి తీసేయాలి.

.32కి ఉన్న కష్టం తూటాల దొరుకుబాటు. ప్రతి దుకాణంలో ఉండవు, ఉన్నా .22 పక్కన పెడితే ఖరీదు బాగా ఎక్కువ. కొనేముందు మీకు నాలుగైదు పెట్టెలు ఎక్కడ దొరుకుతాయో చూసుకోండి. తూటా దొరకని తుపాకీ ఎంత మంచిదైనా సాధన ఆగిపోతుంది.

అయిదు రౌండ్ల నార్త్ అమెరికన్ ఆర్మ్స్ మినీ రివాల్వర్ల గురించి కూడా అడుగుతుంటారు. గుప్పెట్లో దాగిపోతాయి, నిజమే. కానీ ప్రతి రౌండుకీ బొటనవేలితో హ్యామర్ లాగాలి, పిడి రెండు వేళ్ళకి కూడా చాలదు. మొదటి తుపాకీగా వద్దు.

హ్యామర్ బయటికి ఉండాలా, లోపలా

జేబులో పెట్టేదైతే లోపల దాగిన హ్యామర్ ఉన్నదే తీసుకోండి. బట్టకి తగులుకోదు. స్మిత్ అండ్ వెస్సన్‌లో పేరు చివర సి ఉన్నవి, యూసీ మోడళ్ళు, మామూలు ఎల్‌సీఆర్ అన్నీ ఇలాంటివే. రూగర్ ఎల్‌సీఆర్‌ఎక్స్‌లో, స్మిత్ అండ్ వెస్సన్ 317లో హ్యామర్ బయటికి ఉంటుంది. వెనక్కి లాగి పెట్టుకుంటే ట్రిగ్గర్ చాలా తేలికవుతుందని ఆశ పుడుతుంది. కానీ అలా లాగాక కాల్చే అవసరం లేకపోతే, నిండు తూటా మీద హ్యామర్‌ను వణికే చేతితో నెమ్మదిగా దించాలి. ఆ టెన్షన్ మీకొద్దు.

మార్పులు: మొదట పిడి

డబ్బు ఖర్చు పెట్టేది మొదట పిడి మీదే. కొత్త తుపాకీతో వచ్చే చిన్న పిడికి చాలామంది చిటికెన వేలు గాల్లో వేలాడుతుంది. దాంతో మిగతా రెండు వేళ్ళు రెట్టింపు పని చేయాలి. కొంచెం పొడవు రబ్బరు పిడి వేస్తే గురి వెంటనే మెరుగవుతుంది, కానీ రబ్బరు బట్టను పట్టుకుంటుంది. చొక్కా దాని మీద పైకి మడత పడి తుపాకీ ఆకారం కనపడుతుంది, జేబులోంచి తీస్తుంటే లోపలి గుడ్డ కూడా బయటికొస్తుంది. చెక్క, జీ10 (గట్టి ఫైబర్‌గ్లాస్ పలక) లాంటివి జారిపోతూ బయటికొస్తాయి. చిన్న కాలిబర్‌లో తన్నడం తక్కువ కాబట్టి రబ్బరు మెత్తదనం మనకి అక్కర్లేదు. అందుకే నేను నునుపైన వాటికే ఓటేస్తాను. యూసీ మోడళ్ళతో వచ్చే వీజెడ్ కంపెనీ జీ10 పిడి వెనక భాగం ఎత్తుగా ఉంటుంది. చెయ్యి పైకి పట్టుకుంటే బ్యారెల్ వరుసకి దగ్గరవుతుంది, ట్రిగ్గర్ వేలికి నేరుగా వస్తుంది.

జె-ఫ్రేమ్ పిడులు ఎల్‌సీఆర్‌కి పట్టవు, రెండింటి నిర్మాణం వేరు. ఏది కొన్నా ఎడమ పలక పైభాగం చూడండి. అక్కడ గుంటలా చెక్కి లేకపోతే, తూటాలన్నీ ఒకేసారి నింపే స్పీడ్‌లోడర్ దానికి కొట్టుకుంటుంది, ఖాళీ తొడుగులు బయటికి రాకుండా ఇరుక్కుంటాయి. అందమైన పిడి వేయించుకుని ఈ ఒక్కటీ చూసుకోక మళ్ళీ ఆకురాయితో గీయించుకున్నవాళ్ళు ఉన్నారు.

తర్వాత ముందు సైట్

పాత తరహా మోడళ్ళలో ముందు సైట్ బ్యారెల్‌తో పాటే చెక్కిన బూడిదరంగు దిమ్మ. వెనక సైట్ సన్నటి గాడి. చీకటి పడుతుండగా రెండూ కలిసిపోతాయి. అలాంటిదానికి చవకైన వైద్యం ఉంది. స్పిరిట్‌తో జిడ్డు తుడిచి, ముందు తెల్ల గోళ్ళరంగు, ఆరాక దాని మీద మెరిసే నారింజ రంగు రెండు పూతలు. నా తుపాకీ మీద ఆ రంగు ఏడాదిపైనే ఉంది. పిన్నుతో బిగించిన సైట్ ఉన్న మోడల్ అయితే, ఎల్‌సీఆర్ లాంటిదాంట్లో, విప్పి, చీకట్లో తనంతట తానే వెలిగే ట్రిషియం సైట్ వేయించవచ్చు. లేజర్ పిడులు కూడా ఉన్నాయి. అసలు కాల్చేటప్పటికన్నా ఖాళీ తుపాకీతో సాధనలో అవి ఎక్కువ పనికొచ్చాయి నాకు. గోడ మీద ఎర్ర చుక్క ఎటు జారుతోందో చూస్తే వేలు చేసే తప్పు కళ్ళకి కడుతుంది.

స్ప్రింగుల జోలికి వెళ్ళేముందు

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. నేను మొదట కొన్న .22 వాడినది, ఎనిమిది రౌండ్లది. దుకాణంలో ట్రిగ్గర్ లాగి చూస్తే వెన్నలా వచ్చింది. ఎంత బాగుందో అనుకుని కొనేశాను. రేంజ్‌లో మొదటి ఎనిమిదిలో ఆరు పేలాయి. తర్వాతి ఎనిమిదిలో అయిదు. పేలనివి ఏరి, పేలిన తొడుగులతో పాటు అరచేతిలో పెట్టుకుని వెలుగులో చూశాను. పేలినవాటి అంచు మీద లోతైన చతురస్రపు గుంట ఉంది. పేలనివాటి మీద గోరుతో నొక్కినంత గీత. అంతకుముందు వాడినవారు మెయిన్‌స్ప్రింగ్ (హ్యామర్‌ను నెట్టే స్ప్రింగు) మార్చి తేలికది వేయించారని తుపాకీలు బాగుచేసే మేస్త్రి విప్పి చూపించాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. కంపెనీ స్ప్రింగు మళ్ళీ వేశాక ట్రిగ్గర్ బరువెక్కింది, తూటాలన్నీ పేలాయి.

కాబట్టి రిమ్‌ఫైర్‌లో మెయిన్‌స్ప్రింగ్ తేలిక చేయకండి. .32లో, .38లో కొంత వెసులుబాటు ఉంది. వోల్ఫ్, అపెక్స్ వాళ్ళ స్ప్రింగు సెట్లు జె-ఫ్రేమ్‌లకి దొరుకుతాయి. అవి కూడా అనుభవం ఉన్న మేస్త్రి చేతనే వేయించండి, వేశాక మీరు జేబులో పెట్టుకునే అసలు తూటాలతోనే కనీసం వంద కాల్చి చూడండి. ఒక్కటి పేలకపోయినా పాత స్ప్రింగు వెనక్కి రావాల్సిందే. ట్రిగ్గర్‌ను ముందుకి నెట్టే రీబౌండ్ స్ప్రింగు మరీ మెత్తదైతే ఇంకో చిక్కు వస్తుంది. త్వరత్వరగా కాలుస్తుంటే ట్రిగ్గర్ పూర్తిగా ముందుకి రాకముందే వేలు మళ్ళీ లాగుతుంది, మధ్యలో ఆగిపోతుంది.

హ్యామర్ తోక కోయించడం, లోపలి భాగాలు ఇంట్లో ఎమెరీ కాగితంతో రుద్దడం వద్దేవద్దు. హ్యామర్ బరువు తగ్గితే పిన్ను దెబ్బ తగ్గవచ్చు, రుద్దకూడని అంచు రుద్దితే తుపాకీ ప్రమాదకరమవుతుంది. ట్రిగ్గర్ నునుపెక్కడానికి నేను చేసింది స్నాప్ క్యాప్‌లతో రోజుకి యాభై లాగుళ్ళు, మూడు నెలలు. నిజమైన తూటాలు పక్క గదిలో తాళం వేసి. ట్రిగ్గర్ కొంత సాఫీ అయింది, నా వేలు అంతకన్నా ఎక్కువ గట్టిపడింది.

పెట్టుకోవడం, నింపుకోవడం

హోల్‌స్టర్ లేకుండా జేబులో పెట్టకండి. బరువైన ట్రిగ్గరే కదా అని ధైర్యం వద్దు. ట్రిగ్గర్ గార్డును పూర్తిగా కప్పే పాకెట్ హోల్‌స్టర్, ఆ జేబులో తాళాలు, చిల్లర, పెన్ను ఏవీ ఉండకూడదు. నడుముకి క్లిప్పుతో తగిలించుకునే పిడులు కొన్ని ఉన్నాయి. వాటిలో ట్రిగ్గర్ బయటికే ఉంటుంది, నేను వాడను.

మళ్ళీ నింపడానికి సన్నటి రబ్బరు పట్టీ, అంటే స్పీడ్ స్ట్రిప్, జేబులో చదునుగా కూర్చుంటుంది. పొట్టి బ్యారెల్ కింద, ఖాళీ తొడుగుల్ని నెట్టే ఎజెక్టర్ కడ్డీ కూడా పొట్టిదే కాబట్టి తొడుగులు పూర్తిగా బయటికి రావు. మూతి పైకి ఎత్తి, అరచేత్తో కడ్డీ మీద ఒక్కసారి గట్టిగా కొట్టాలి. నెమ్మదిగా నొక్కితే ఒక తొడుగు నక్షత్రం (కడ్డీ చివర తొడుగుల్ని పైకి లేపే బిళ్ళ) కిందకి జారి ఇరుక్కుంటుంది. .22లో మసి ఎక్కువ, ఎనభై తొంభై రౌండ్లయ్యేసరికి తూటాలు గదిలోకి దూరడానికి మొరాయిస్తాయి. రేంజ్ సంచీలో చిన్న బ్రష్ పెట్టుకుని, ప్రతి యాభైకీ ఎనిమిది గదుల్లోంచి ఒకసారి తోస్తాను.

జేబులో ఉండేదానికి నూనె కన్నా బట్ట పీచు పెద్ద శత్రువు. ఆదివారం ఉదయం తూటాలు తీసి, నక్షత్రం కింద, హ్యామర్ సందులో, మూతిలో టార్చి వేసి చూస్తాను. పోయినవారం ముందు సైట్ వెనక నీలం ఉండ ఒకటి దొరికింది, జేబు లోపలి గుడ్డది. పళ్ళ బ్రష్‌తో తీసేసి, తూటాల అంచులు తుడిచి, మళ్ళీ లెక్కపెట్టి నింపాను.